పచ్చ మీట

స్కార్వో ద్వీపం
ఫిబ్రవరి 3, ఆదివారం

తమ్ముడూ హోల్గర్,

నువ్వు క్షేమమని రేడియోలో నీ గొంతు వింటేనే తెలిసింది. అందులో జలుబు కూడా వినిపించింది. మెడకి ఉన్ని గుడ్డ చుట్టుకో.

ఈరోజు ఆరాధనకి పాస్టరు గారితో కలిపి పధ్నాలుగు మందిమి. పొయ్యి పొగ చిమ్మింది. ఆయన ప్రసంగంలో సగం దగ్గే. సముద్రం మీద మంచు ఇంకా గట్టిపడలేదు కాబట్టి మీ బావ అక్సెల్ ఆయన్ని మధ్యాహ్నం తను నడిపే ఫెర్రీ పడవలో అవతలి గట్టుకి దింపి వచ్చాడు.

గురువారం పార్లమెంటు నుంచి రేడియోలో వచ్చిన నీ ఉపన్యాసం వినడానికి ఊరంతా మారెన్ కొట్టులో చేరింది. "ఈ వెస్టర్‌గోర్ గారు సముద్రాన్ని స్నానాల తొట్టిలో తప్ప ఎక్కడా చూడలేదు" అన్నావు చూడు, మారెన్ బల్ల మీద చరిచింది. అక్సెల్ దగ్గొచ్చేదాకా నవ్వాడు. నేనూ నవ్వాను, అబద్ధం ఎందుకు? ఇంటికి నడిచి వస్తుంటే మాత్రం మనసు మెత్తగా కుట్టింది. నాన్న కాఫీ బల్ల గుర్తుందా? ఎదుటివాడి మాట వాడు ఔనని తల ఊపేలా ముందు నువ్వు చెప్పాలి, ఆ తర్వాతే నీ మాట. అలా చెప్పలేనివాడికి ఆ పూట చక్కెర బిళ్ల లేదు. నువ్వు ఎన్ని పూటలు చేదు కాఫీ తాగావో నాకు లెక్కే లేదు. గురువారం ఆ పెద్దమనిషి తల ఊపాడా? ఊపి ఉండడు. నీకు చక్కెర లేదు.

ఇంతకీ అసలు సంగతి. వచ్చే చలికాలం నుంచి చిన్న ద్వీపాల ఫెర్రీ వారానికి రెండు రోజులే అని చట్టం వస్తే, అక్సెల్‌కి చలికాలపు పని ఉండదని కంపెనీవాళ్లు చెప్పేశారు. అవతలి గట్టున అద్దె ఇల్లు చూసుకోవాలి. ఆదివారం పడవ లేకపోతే పాస్టరు గారు రారు. ఈ చర్చి తలుపు ఇరవై ఎనిమిదేళ్లుగా నేనే తీస్తున్నాను. నవంబరు నుంచి మార్చి దాకా దానికి తాళం వేసి ఉంచడం నా ఊహకి అందడం లేదు.

చలికాలంలో మనుషులుండే ద్వీపాలని ఆ చట్టం నుంచి తప్పించాలని నువ్వు పెట్టిన సవరణ పన్నెండో తారీఖున ఓటుకి వస్తుందట. రోజూ ప్రార్థన చేస్తున్నాను. నీ కోసమూ, పడవ కోసమూ. ఏది ముందని అడక్కు.

నీ అక్క
ఆస్తా


కోపెన్‌హాగెన్
ఫిబ్రవరి 7

చక్కెర పిసినారి అక్కకి,

ఉన్ని గుడ్డ చుట్టుకునే రాస్తున్నాను. జలుబు తగ్గింది, నీ తిట్లు తగల్లేదు.

క్రెస్టెన్ వెస్టర్‌గోర్ గురించి నువ్వనుకున్నట్టు కాదులే. ఉపన్యాసం అయ్యాక ఫలహారశాలలో నా ఎదురుగా వచ్చి కూర్చుని, "హోల్గర్, మా ఇంట్లో తొట్టి కూడా లేదయ్యా, బకెట్టే" అన్నాడు. పదకొండేళ్లుగా సభలో ఒకరినొకరు పీక్కుతింటున్నాం, బయట ఒకే బల్ల మీద కాఫీ తాగుతున్నాం. వాళ్లావిడ బోడిల్ చేసిన జామ్ సీసా ప్రతి శరత్కాలం నాకొకటి తెస్తాడు. అది తింటూ కూర్చుని, మరుసటి రోజు అతన్ని ఏమని తిట్టాలో రాసుకుంటాను. ఇక్కడి బతుకు ఇంతే.

ఓటు సంగతి. రెండు వైపులా బలం సరిసమానం. సమానంగా వస్తే సవరణ పడిపోతుంది, అది నియమం. కాబట్టి ఆశ పెట్టుకోకు అక్కా. ఇంకొక్క మాట. పేపర్లో నా పేరు పక్కన ఏం కనిపించినా నన్ను అడక్కుండా ఒక నిర్ణయానికి రాకు. ఎందుకో ఇప్పుడు చెప్పలేను. అది వేరొకరి ఇంటి విషయం.

బావకి చెప్పు, నేను ఆయన మీద వేసే జోకులన్నీ ప్రేమతోనే.

హోల్గర్


స్కార్వో
ఫిబ్రవరి 13

నా బంగారు తమ్ముడికి,

దొంగా! ఆశ పెట్టుకోకని రాస్తావా? వేరొకరి ఇంటి విషయమని రాస్తావా? అదంతా నన్ను ఏడిపించడానికేనని నిన్న సాయంత్రం వార్తలు వింటే గానీ తెలియలేదు. ఎనభై ఎనిమిది, ఎనభై ఏడు! ఒక్క ఓటు! ఎవరిదో నాకు తెలియదనుకున్నావా?

అక్సెల్ జెండా ఎగరేశాడు, వర్షంలో. మారెన్ కొట్లో ఉన్న బన్నులన్నీ అందరికీ ఊరికే పంచింది. ఆ మనిషి పంచడం నేను పుట్టాక ఇదే చూడటం. ఆడవాళ్లందరం కలిసి నీకొక స్వెట్టర్ అల్లడం మొదలుపెట్టాం. నీలం, తెలుపు, ఛాతీ మీద పడవ బొమ్మ. వీపు మారెన్‌ది, చేతులు నావి. నీ చేతులు పొడుగని గుర్తుంది.

నేను చర్చికి వెళ్లి ఒక్కదాన్నే కూర్చుని స్తుతించాను. దేవుడు చిన్నవాళ్ల పక్షాన ఉంటాడని పాస్టరు గారు చెబుతారు కదా, నిన్న ఆయన మా పడవలోకి ఎక్కినట్టే అనిపించింది.

అన్నట్టు, నిన్న రెండుసార్లు ఫోను మోగింది. అక్సెల్ ఎత్తి "మా చుక్కాని నిలబడింది!" అని అరిచాడు, అటునుంచి పెట్టేశారు. ఎవరో అసూయపరులు.

మంచు గట్టిపడుతోంది. ఈ ఉత్తరం రేపటి పడవకి వెళ్లకపోతే ఎప్పుడు వెళుతుందో ప్రభువుకే తెలియాలి.

ఆస్తా


కోపెన్‌హాగెన్
ఫిబ్రవరి 13

అక్కా,

నిన్న ఫోను చేసి పెట్టేసింది నేనే. బావ అంత సంతోషంగా అరిచేసరికి చెప్పబుద్ధి కాలేదు. అందుకే కాగితం మీద రాస్తున్నాను.

బోడిల్‌కి నిన్న ఆపరేషను. క్రెస్టెన్ ఆస్పత్రిలో ఆమె పక్కన ఉండాలి. ఇలాంటప్పుడు మా సభలో ఒక ఆచారం ఉంది, మేము సర్దుబాటు అంటాం. అటువైపు ఒకడు రాలేకపోతే ఇటువైపు ఒకడు ఓటు వేయకుండా ఊరుకుంటాడు. జబ్బు వల్ల ఎవరూ ఓడకూడదని. సంతకం ఉండదు, మాటే. క్రెస్టెన్ వచ్చి, "నాతో పాటు నువ్వు ఊరుకుంటావా?" అని అడిగాడు. "ఇంకెవరు ఊరుకుంటారు?" అన్నాను. బోడిల్ జబ్బు సంగతి ఎవరికీ చెప్పవద్దన్నాడు. అందుకే నీకు అలా రాశాను. నిన్న మేమిద్దరం లేకుండా ఎనభై ఏడు, ఎనభై ఏడు రావాలి. సవరణ పడిపోవాలి.

ఓటింగు గంట మోగే ముందే నేను బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. నీ ఉత్తరం చదువుకుందామని జేబులో చూస్తే కళ్లద్దాలు లేవు, లోపల బల్ల సొరుగులో ఉండిపోయాయి. తెచ్చుకుందామని వెళ్లాను. సొరుగు లాగడానికి కూర్చున్నాను. గంట మోగింది, "ఓటింగు మొదలైంది" అని అధ్యక్షుడు అన్నాడు, నా వేలు పచ్చ మీట నొక్కేసింది. పదకొండేళ్ల అలవాటు అక్కా. గంట, గొంతు, వేలు.

ఇంతవరకే అయితే ఇది పొరపాటు. కానీ నొక్కాక మార్చుకోవడానికి కొన్ని క్షణాలుంటాయి. పక్కనే పసుపు మీట ఉంది, అది నొక్కితే ఎటూ కాదని అర్థం. పచ్చ దీపం వెలగడం చూశాను. చూస్తూ కూర్చున్నాను. నా వేలు అప్పుడు మరిచిపోయిందా, మరిచిపోవాలనుకుందా? నిజంగా నాకే తెలియడం లేదు.

వెంటనే వెళ్లి అధ్యక్షుడికి చెప్పాను. ప్రకటించిన లెక్క ప్రకటించినట్టే అన్నాడు. మావాళ్లు వీపు తడుతున్నారు. "భలే మతిమరుపు!" అని కన్ను కొడుతున్నారు. అటువాళ్లు నేను నడుస్తుంటే తలుపు దగ్గర నుంచి తప్పుకుంటున్నారు. క్రెస్టెన్‌కి ఫోను చేశాను. "బోడిల్ నిద్రపోతోంది, గట్టిగా మాట్లాడలేను" అని పెట్టేశాడు. తిట్టినా బాగుండేది.

చట్టం చివరి విడత ఇరవై ఏడున. సవరణ నా పేరు మీద ఉంది కాబట్టి దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ ఓటుకి పెట్టమని అడిగే హక్కు నాకుంది. అప్పటికీ క్రెస్టెన్ ఆస్పత్రిలోనే ఉంటాడు, అయినా అలా అడిగి నేను బయట కూర్చుంటే ఖాయంగా పడిపోతుంది. బావ పనీ పోతుంది, నీ చర్చి తలుపూ మూతపడుతుంది. ఊరుకుంటే పడవ ఉంటుంది. మా నాయకుడు ఊరుకోమన్నాడు.

నేను ఏం చేయాలో చెప్పమని అడగడం లేదు. నువ్వు ఏం అంటావో తెలియకుండా మాత్రం ఏదీ చేయలేను.

హోల్గర్


స్కార్వో
ఫిబ్రవరి 18

తమ్ముడూ,

నాలుగు రోజులుగా ఫెర్రీ కదల్లేదు. ఒడ్డు నుంచి చూస్తే సముద్రం తెల్లటి పొలంలా ఉంది. పోస్టు రాదు, పోదు. ఈ ఉత్తరం సంచిలో పడి ఉంటుంది, అయినా నీతో మాట్లాడకుండా ఉండలేక రాస్తున్నాను.

నీ మీద రేడియోలో చెడ్డ మాట చెప్పారు. నువ్వు ఇచ్చిన మాట తప్పి ఓటు వేశావని అటువైపు నాయకుడు అన్నాడట. కొట్లో ఉండగా విన్నాను. మారెన్ మొగుడు, "గెలిచాం కదా, ఎలా గెలిస్తే ఏంటి?" అని నవ్వాడు. నాకెందుకంత కోపం వచ్చిందో! "మా తమ్ముడు మాట తప్పే మనిషి కాదు! మా నాన్న కొడుకు! ఇంకోసారి అన్నావంటే చర్చి మెట్లెక్కనివ్వను!" అని అరిచాను. అవును, అరిచాను. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు. చేతిలో పిండి సంచి పడిపోయింది. అందరూ కలిసి తుడిచారు.

నిజం కాదని ఒక్క ముక్క రాసేయి. అది మారెన్ కొట్టు గోడకి అంటిస్తాను.

స్వెట్టర్ వీపు అయిపోయింది.

ఆస్తా


స్కార్వో
ఫిబ్రవరి 22

హోల్గర్,

నిన్న మంచు పగలగొట్టే ఓడ దారి చేసింది. అక్సెల్ ఆ వెంటే వెళ్లి పోస్టు తెచ్చాడు. నీ పదమూడో తారీఖు ఉత్తరం నిన్నే అందింది. నా పద్దెనిమిదో తారీఖుది ఇంకా సంచిలోనే ఉంది. తీసి చించేద్దామనుకున్నాను. కానీ అదీ ఇదీ కలిపే పంపుతున్నాను. నేను ఎలా అరిచానో నువ్వు చదవాలి.

మొదట నీ మీద కోపం వచ్చింది. మాట తప్పినందుకు కాదు, నాకు చెప్పినందుకు. తెలియకుండా ఉంటే సుఖంగా ఉండేదాన్ని కదా అనుకున్నాను. ఎంత సిగ్గుమాలిన ఆలోచనో చూడు. చర్చికి వెళ్లి నేల తుడిచాను. తుడిచిందే మళ్లీ తుడిచాను. పన్నెండో తారీఖున ఇక్కడే కూర్చుని దేవుడు మా పడవలోకి ఎక్కాడని స్తుతించాను. ఆయన ఆ సాయంత్రం ఎక్కడున్నాడో ఇప్పుడు తెలుస్తోంది. ఆస్పత్రిలో, ఆ ఆడమనిషి మంచం పక్కన. నేను మాత్రం ఆయన్ని నా పడవకి టిక్కెట్టు లేకుండా ఎక్కించేశాను.

అక్సెల్‌కి చదివి వినిపించాను. చెప్పకుండా దాచలేను, తన పని కదా పోయేది. పొగాకు పైపుని బల్ల అంచుకి తడుతూ కూర్చున్నాడు. తర్వాత, "నీళ్ల మీద కుడివైపు నుంచి వచ్చే పడవకి దారి ఇస్తాం ఆస్తా. వాడెవడైనా సరే, ఎవడూ చూడకపోయినా సరే. ఒక్కడు మానేస్తే ఆ తర్వాత ఎవడినీ నమ్మి పడవ నడపలేం" అన్నాడు. ఇంకా, "నాకు నలభై ఎనిమిదే. అవతలి గట్టున కూడా పడవలుంటాయి" అన్నాడు. ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

కాబట్టి వెనక్కి తీసుకో. వేలు మరిచిపోయిందా, కావాలనుకుందా అన్నది నువ్వూ దేవుడూ తేల్చుకోండి. నాకు రెండూ ఒకటే, నువ్వు నా తమ్ముడివి.

ఒక్కటి అడుగుతాను. లేచి నిలబడ్డప్పుడు ఊరికే వెనక్కి తీసుకున్నానని చెప్పి కూర్చోకు. నాన్న చెప్పినట్టు చెయ్యి. ముందు వెస్టర్‌గోర్ గారి మాట, ఆయన అక్కడ ఉంటే తల ఊపేలా. ఆ తర్వాత మా మాట. వాళ్ల ఎదుట మేము ఓడిపోయినా సరే, మమ్మల్ని సరిగ్గా చెప్పి ఓడిపోనివ్వు.

కొట్లో అరిచినదాన్ని నేనే కాబట్టి కొట్లోనే నేనే చెబుతాను. రేపు వెళ్తాను. నా కోసం ప్రార్థన చెయ్యి. నీకు అలవాటు లేదని తెలుసు, అయినా చెయ్యి.

నీ అక్క
ఆస్తా

తా.క. చెప్పేశాను. మారెన్ స్వెట్టర్ వీపు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. మారెన్ మొగుడు మాత్రం తలుపు దాకా వచ్చి నా పిండి సంచి మోసి పెట్టాడు.


కోపెన్‌హాగెన్
ఫిబ్రవరి 28

అక్కా,

నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

సవరణ వెనక్కి తీసుకుంటున్నానని, మళ్లీ ఓటుకి పెట్టమని అడిగాను. మావాళ్ల వైపు నుంచి ఎవరో "కూర్చోరా మూర్ఖుడా" అన్నారు, మైకులో పడింది. అటువైపు నుంచి ఒకడు, "ఇప్పుడు మతి వచ్చిందా?" అన్నాడు. అధ్యక్షుడు సుత్తి కొట్టాడు.

తర్వాత క్రెస్టెన్ మాట చెప్పాను. జనవరిలో పదకొండు రోజులు మన ఫెర్రీలో ముగ్గురికి మించి ఎక్కలేదని చెప్పాను. అతని నియోజకవర్గంలో గుండెపోటు వస్తే అంబులెన్సు నలభై నిమిషాలు పడుతుందని, ఇంకెక్కడో ఖర్చు తగ్గిస్తే గానీ రెండో అంబులెన్సు రాదని, అక్కడివాళ్లు కూడా మనలాంటి మనుషులేనని చెప్పాను. అవన్నీ కాఫీ బల్ల మీద అతను నాకు నూరుసార్లు చెప్పినవే. విన్నానని నాకే తెలియదు. అప్పుడు మన మాట చెప్పాను. పధ్నాలుగు మంది, పొగ పొయ్యి, నీ తాళంచెవి. పేర్లు చెప్పలేదులే.

చెప్పి బయటికి వచ్చాను. ఈసారి కళ్లద్దాలు ముక్కు మీదే ఉన్నాయి. బెంచీ మీద రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, బడిలో శిక్ష పడ్డవాడిలా. గంట మోగింది. వేలు కదిలింది అక్కా, నా బరువు కింద. కదిలింది, ఒట్టు.

ఎనభై ఏడు, ఎనభై ఏడు. పడిపోయింది.

నన్ను క్షమించమని బావతో చెప్పు. మావాళ్లలో కొందరు పలకడం లేదు. వచ్చే ఎన్నికల్లో నాకు టిక్కెట్టు ఇస్తారో లేదో తెలియదు. సాయంత్రం క్రెస్టెన్ ఫోను చేశాడు. "అంబులెన్సు నలభై కాదు, నలభై అయిదు నిమిషాలు. మిగతాదంతా నాకంటే బాగా చెప్పావు" అన్నాడు. బోడిల్ మంచం మీద కూర్చుని రేడియోలో నా ఉపన్యాసం రెండు భాగాలూ విందట. రెండో భాగం విని మొగుణ్ని ఏదో అడిగిందట. ఏమని అడిగిందో చెప్పలేదు.

చేదు కాఫీ తాగుతూ,
హోల్గర్


స్కార్వో
మార్చి 24, ఆదివారం

తమ్ముడూ,

ముందే చెబుతున్నాను, నీ స్వెట్టర్ పోయింది.

నిన్న మధ్యాహ్నం పడవలో ఒక సన్నటి మనిషి దిగాడు. ముఖం పచ్చగా ఉంది, కోటు మోకాళ్ల దాకా తడిసింది. గాలి గట్టిగా ఉంది, దారి పొడుగునా వాంతులేనని అక్సెల్ చెప్పాడు, కాస్త ఎక్కువ సంతోషంగానే. ఆ మనిషి నేరుగా మన ఇంటికి వచ్చి టోపీ తీసి, "క్రెస్టెన్ వెస్టర్‌గోర్‌ని. సముద్రం చూడటానికి వచ్చాను. తొట్టికంటే పెద్దదే" అన్నాడు.

బోడిల్ గారు పంపారట. "హోల్గర్ నీ మాట చెప్పగలిగాడు, వాళ్ల మాట నువ్వు చెప్పగలవా?" అని అడిగారట. చెప్పలేకపోయాడట. నడవగలిగితే తానే వచ్చేదాన్ని అన్నారట. ఆమె కోలుకుంటున్నారు, దేవుడికి స్తోత్రం.

కాఫీ పెట్టాను. చక్కెర గిన్నె నా వైపే ఉంచుకున్నాను. "మీరు మా మాట చెప్పండి, నేను తల ఊపితే అప్పుడు" అన్నాను. అక్సెల్ కళ్లు పెద్దవి చేశాడు. పార్లమెంటు సభ్యుడితో అలా మాట్లాడతానని నేనూ అనుకోలేదు.

మొదటిసారి, "మీకు ఉద్యోగాలు పోతాయని భయం" అన్నాడు. నేను తల ఊపలేదు. మారెన్ అప్పటికే మా వంటింట్లో ఉంది, ఆమె మొగుడు గుమ్మంలో. రెండోసారి, "మీకు ఆచారాలంటే ఇష్టం, మార్పు ఇష్టం లేదు" అన్నాడు. మారెన్, "నన్ను చూసి చెప్పండి ఆ మాట!" అంది. కాఫీ చల్లారిపోయింది. నేను ఇంకో కప్పు పోశాను గానీ గిన్నె జరపలేదు. ఆయన్ని చర్చికి తీసుకెళ్లి తాళంచెవి చేతికిచ్చి తలుపు తీయమన్నాను. అది తేమకి బిగుసుకుపోయింది కదా, భుజంతో తోస్తే గానీ రాదు. రెండుసార్లు తోశాడు. లోపల బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీలన్నీ ఒకసారి లెక్కపెట్టి, "ఎక్కువ మంది లేరు కాబట్టి మీ ఊరు అక్కర్లేదని మేము అంటే, మీకు పడవ ఆగడం కాదు, మీరు లెక్కలో లేరని వినపడుతుంది. అంతేనా?" అన్నాడు.

ఏడుపొస్తే తల ఊపడం కూడా కష్టమే తమ్ముడూ. చివరికి ఊపాను.

ఇంటికొచ్చి గిన్నె ఆయన వైపు జరిపాను. మూడు బిళ్లలు వేసుకున్నాడు.

పడవ తిరిగి వస్తుందా? తెలియదు. ఆయన ఏ మాటా ఇవ్వలేదు. ఇవ్వనందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. శరత్కాలంలో సభ తెరిచాక నీతో కలిసి కూర్చుని మళ్లీ మాట్లాడతానన్నాడు. అక్సెల్ అవతలి గట్టున ఇల్లు చూడటానికి మంగళవారం వెళుతున్నాడు. నేనూ వెళుతున్నాను. నవంబరు దాకా చర్చి తలుపు నేనే తీస్తాను.

ఆయన కోటు ఆరలేదు. మారెన్ ఇంటికి వెళ్లి స్వెట్టర్ తెచ్చింది. విప్పేసిందేమో అనుకున్నాను, పూర్తి చేసి పెట్టుకుంది. ఆయన చేతిలో పెట్టింది. నీ కొలతకి అల్లాం కదా, చేతులు ఆయనకి వేళ్ల దాకా వచ్చాయి. అలాగే తొడుక్కుని పడవెక్కాడు. మీ పార్లమెంటు కోటలో మంగళవారం అలాగే కనిపిస్తాడేమో, నవ్వకు.

నీకు ఇంకోటి మొదలుపెట్టాను. ఈసారి వీపు కూడా నేనే అల్లుతున్నాను. ఈ ఉత్తరంతో పాటు పొట్లంలో ఉన్నవి అల్లిక ముక్కలు కావు, ఆరు చక్కెర బిళ్లలు. నాన్న ఉంటే ఇచ్చేవాడు.

నీ అక్క
ఆస్తా